విడిది కథలు – 9: టోక్యో బురదలో ఓడ, పుదుచ్చేరిలో గోల్కొండ

పోయిన వారం జపాన్ పాతకాలపు బాటసారి సత్రాల దగ్గర ఆగాం. యామనాషి కొండల్లో 705లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న కెయున్‌కాన్ వేణ్ణీళ్ళ సత్రం చూశాం. తొకాయిదో బాట మీది 53 మజిలీలు, ప్రభువుల పరివారం దిగే ‘హొన్‌జిన్’ ఇళ్ళు చూశాం. అవన్నీ తమ జనం కోసం తాము కట్టుకున్న విడుదులు. చెప్పులు ఎక్కడ విడవాలో, చాప మీద ఎటు తిరిగి కూర్చోవాలో అక్కడ ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వారం వచ్చే అతిథి వేరు. బూట్లు విప్పడు. మంచం కావాలంటాడు, కుర్చీ కావాలంటాడు, పొద్దున్నే గుడ్లూ రొట్టే అడుగుతాడు. పైగా అతనికి కోపం వస్తే దేశానికే నష్టం.

మన పెళ్ళిళ్ళలో విడిదింటి హడావిడి గుర్తుచేసుకోండి. మగపెళ్ళివారు దిగే ఇంటికి సున్నం కొట్టిస్తాం, పక్కింటి నుంచి పరుపులు అరువు తెస్తాం, కాఫీలకి లోటు రాకుండా ఓ మనిషిని ప్రత్యేకంగా కాపలా పెడతాం. మన ఇల్లు ఎలా ఉంటుందో అక్కడ చూపించం. వాళ్ళకి ఎలా ఉంటే బాగుంటుందనుకుంటామో అది చూపిస్తాం. 1880ల్లో జపాన్ అచ్చంగా ఆడపెళ్ళివారి స్థితిలో ఉంది. 1850ల్లో పడమటి దేశాలు రుద్దిన ఒప్పందాలు మెడకి చుట్టుకున్నాయి. తన గడ్డ మీద నేరం చేసిన విదేశీయుణ్ణి తన కోర్టులో నిలబెట్టే హక్కు లేదు. దిగుమతి సుంకం ఎంతో తనంతట తాను తేల్చుకునే వీలు లేదు. ఆ ఒప్పందాలు సడలించాలంటే ‘మేమూ మీలాంటి వాళ్ళమే’ అని నమ్మించాలి. విదేశాంగ మంత్రి ఇనోవే కవోరుకి తోచిన ఉపాయం: మంచి విడిది కట్టడం.

1883లో టోక్యోలో రొకుమేకాన్ అనే రెండంతస్తుల విందుశాల లేచింది. గీసినవాడు ఇంగ్లీషు వాస్తుశిల్పి జొసయ్య కాండర్. అందులో జపాన్ మంత్రులు కోట్లు తొడుక్కుని, వాళ్ళ భార్యలు బిగుతు గౌన్లలో ఊపిరి బిగబట్టుకుని పాశ్చాత్య నృత్యాలు చేశారు. ఒప్పందాలు అంగుళం కదల్లేదు. ఏడేళ్ళ తర్వాత, 1890 నవంబరులో, ఆ పక్క స్థలంలోనే ‘తెయికొకు హొతెరు’, అంటే ఇంపీరియల్ హోటల్, తెరుచుకుంది. పెట్టుబడిదారుల్లో బ్యాంకులకీ కంపెనీలకీ పితామహుడనిపించుకున్న షిబుసవా ఎయిచి, వ్యాపారి ఒకురా కిహాచిరో ఉన్నారు. ఈ రెండో పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివరిదాకా వస్తుంది. వతనబె యుజురు గీసిన ఆ భవనం జర్మన్ తరహాది. జపాన్ రాజధానిలో రాజలాంఛనాల అతిథిగృహం, అందులో భూతద్దం పెట్టి వెతికినా జపాన్ కనిపించదు.

రాజధానికి దూరంగా హకొనె కొండల్లో మాత్రం ఒక వ్యాపారికి అసలు కిటుకు ముందే తెలిసింది. యామగుచి సెన్నొసుకె 1878లో మియానొషితలో ఫుజియా హోటల్ పెట్టాడు. విదేశీయుడు ఇంత దూరం వచ్చేది తన ఊళ్ళో ఉన్నదాన్నే మళ్ళీ చూడ్డానికి కాదు కదా! 1891లో కట్టిన ఫుజియా ప్రధాన భవనం లోపల మంచాలూ కుర్చీలూ ఉన్నాయి, వాకిట మాత్రం గుడి వాకిలిలా వంపు తిరిగిన కప్పు. అతిథి పడుకునేది తన అలవాటు మంచం మీద, ఫొటో దిగేది జపాన్ కప్పు కింద. పొరుగింటి హోటల్ నారాయాతో 1893లో ఒక విచిత్రమైన ఒడంబడిక కూడా కుదిరింది: ఫుజియాకి విదేశీయులు, నారాయాకి స్వదేశీయులు. 1912 దాకా ఆ పంపకం నడిచింది. ఇంటివాళ్ళకి ఇంటి విడిది, బయటివాళ్ళకి బయటివాళ్ళు ఊహించుకునే ఇంటి విడిది. ‘జపాన్ తరహా హోటల్’ అనే మాట పుట్టింది ఈ రెండో దాంట్లో.

బురద మీద పళ్ళెం

20వ శతాబ్దం మొదలయ్యేసరికి ఇంపీరియల్ గదులు చాలకుండా పోయాయి. 1909లో మేనేజరుగా వచ్చిన హయాషి ఐసాకు అంతకుముందు న్యూయార్క్‌లో యమనకా కంపెనీలో ఆసియా కళావస్తువులు అమ్మినవాడు. ఆ వ్యాపారంలో పరిచయమైన మనిషి అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. రైట్‌కి జపాన్ రంగుల చెక్క అచ్చుబొమ్మలంటే పిచ్చి. 1893 షికాగో ప్రదర్శనలో జపాన్ ప్రభుత్వం కట్టిన మండపం చూశాడు, 1905లో జపాన్ వచ్చి అచ్చుబొమ్మలు మూటలు కట్టుకుని వెళ్ళాడు. అప్పుల్లో ఉన్నప్పుడు ఆ బొమ్మలమ్మే గట్టెక్కేవాడు. 1914లో నౌకరొకడు అతని ఇల్లు తగలబెట్టి, అతని సహచరితో సహా ఏడుగురిని చంపేశాడు. స్వదేశంలో పరువూ పనీ రెండూ పలచబడ్డ ఆ రోజుల్లో టోక్యో నుంచి పిలుపు వచ్చింది.

స్థలం హిబియా. ఒకప్పుడది సముద్రపు పాయ. తొకుగవా పాలకులు పూడ్చి నేల చేశారు. తవ్వితే పైన ఎనిమిది అడుగుల గట్టిమట్టి, కింద 60 అడుగులకి పైగా జావలాంటి బురద. మామూలు ఇంజినీరైతే బురద దాటి గట్టి నేల తగిలేదాకా పునాది దింపుతాడు. రైట్ ఆ పని చెయ్యలేదు. పైమట్టిలోనే పొట్టి కాంక్రీటు మేకుల్లాంటి స్తంభాలు వందలకొద్దీ దిగ్గొట్టి, భవనాన్ని బురద మీద ఓడలా తేలనివ్వాలన్నాడు. ఓడ ఒక్క ముక్కగా ఉంటే విరుగుతుంది కాబట్టి భవనాన్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, మధ్యలో సందులు వదిలాడు. అంతస్తుల్ని గోడల మీద కాకుండా మధ్య స్తంభాల మీద నిలిపాడు: సర్వరు అరచేతి మీద పళ్ళెం నిలబెట్టినట్టు. గోడలు కింద మందం, పైకి పోను పోను పలచన. భూకంపంలో పెంకులు నెత్తిన పడి జనం చస్తారని కప్పుకి రాగిరేకు వేయించాడు. వాకిట్లో పెద్ద నీళ్ళ తొట్టి తవ్వించాడు. డైరెక్టర్లు ఆ తొట్టి దండగన్నారట. రైట్ పట్టు విడవలేదు.

రాయి సంగతి చెప్పాలి. ఉత్సునొమియా దగ్గర ఓయా అనే ఊళ్ళో దొరికే రాయి అది. అగ్నిపర్వతపు బూడిద గడ్డకట్టి రాయైంది. ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, ఒళ్ళంతా చిల్లులు. ఉలి పెడితే సబ్బులా తెగుతుంది. జపాన్‌లో దాన్ని గోదాములకీ ప్రహరీలకీ వాడేవాళ్ళు. మన దగ్గర పాకగోడకి వాడే రాయిని తెచ్చి కల్యాణమండపానికి పెడతానంటే పెద్దలు ఎలా చూస్తారో అలా చూశారు. రైట్ కొండలో సగం కొన్నట్టే కొన్నాడు. వందల మంది శిల్పులు ఆ మెత్తని రాతిలో త్రికోణాలూ చతురస్రాలూ చెక్కారు. ఇటుకలు తొకొనమెలో ప్రత్యేకంగా కాల్పించారు: లేత పసుపురంగు, ముఖం మీద దువ్వెనతో గీసినట్టు సన్నని గాడులు. దూరం నుంచి చూస్తే వెదురు తడిక వేలాడదీసినట్టుంటుంది. హోటల్ పని పూర్తయ్యాక ఆ ఇటుకల బట్టీ మనుషులూ సామగ్రీ ఇనా కుటుంబం కంపెనీలో కలిశాయి. ఇనాక్స్ పేరుతో టైల్సు, పింగాణీ అమ్మే కంపెనీ మూలం అక్కడే.

కుర్చీ, తివాచీ, కాఫీ కప్పు, అన్నీ రైటే గీశాడు. ఖర్చు మాత్రం గీత దాటిపోయింది. 1922 ఏప్రిల్లో పాత జర్మన్ తరహా భవనం తగలబడి బూడిదైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. హయాషి రాజీనామా చేశాడు. ఆ వేసవిలో రైట్ కూడా ఓడెక్కేశాడు. మిగిలిన పని భుజాన వేసుకున్నవాడు అతని శిష్యుడు ఎండో అరాటా.

సగం తెరిచి సగం కడుతున్న ఆ హోటల్లో నవంబరులో ఒక భౌతికశాస్త్రవేత్త దిగాడు. నోబెల్ వచ్చిందన్న కబురు ప్రయాణంలో ఉండగానే అందింది. గదికి ఏదో అందించడానికి కుర్రాడొచ్చాడు. చేతిలో చిల్లర లేకనో, ఆ కుర్రాడు ఊళ్ళో పద్ధతి ప్రకారం బక్షీసు వద్దన్నందుకో, ఐన్‌స్టీన్ హోటల్ కాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చాడు. గెలుపు కోసం పరుగెత్తడం కంటే ప్రశాంతమైన నిరాడంబర జీవితమే ఎక్కువ ఆనందమని అందులో ఒకదాని సారాంశం. 2017లో జెరూసలేంలో వేలం వేస్తే ఆ ఒక్క కాగితం 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. నిరాడంబరతకి అంత ధర!

మధ్యాహ్నం 11:58

1923 సెప్టెంబరు 1. కొత్త ఇంపీరియల్ ప్రారంభోత్సవం. మధ్యాహ్నం విందుకి అతిథులు రావాలి, వంటింట్లో నూనె కాగుతోంది. 11 గంటల 58 నిమిషాలకి భూమి కదిలింది. తీవ్రత 7.9. ఊరంతా పొయ్యిలు వెలిగి ఉన్న వేళ అది. గాలి కూడా తోడైంది. టోక్యో, యొకొహామా దాదాపు రెండు రోజులు కాలాయి. చనిపోయినవాళ్ళు లక్షా 5 వేల మంది.

హోటల్లో మేనేజరు ఇనుమారు తెత్సుజో ముందు కరెంటు ఆపించాడు. ఆ తర్వాత వాకిట్లో నీళ్ళ తొట్టి, ఆ దండగ తొట్టి, బకెట్లతో ఖాళీ అయింది. గోడల మీద, కిటికీల మీద నీళ్ళు చల్లుతూ సిబ్బంది మంటల్ని దూరం పెట్టారు. హోటల్ నిలబడింది. రాయబార కార్యాలయాలు, పత్రికలు అందులోకి చేరాయి. కొద్ది రోజుల తర్వాత ఒకురా కిహాచిరో నుంచి రైట్‌కి తంతి వెళ్ళింది: భవనం చెక్కు చెదరలేదని, అది మీ ప్రతిభకి స్మారకమని. రైట్ ఆ తంతిని పత్రికలకి అందించాడు. ప్రపంచానికి ఒక పురాణం దొరికింది: టోక్యో మొత్తం కూలితే రైట్ హోటల్ ఒక్కటే నిలిచింది.

పురాణంలో నిజం కొంతే. మధ్యభాగం కొంత కుంగింది. కొన్నిచోట్ల నేల ఉబ్బింది. బీమావాళ్ళ లెక్కలో అది రెండో తరగతి, అంటే ‘స్వల్ప నష్టం’. దానికంటే బాగా నిలిచినవి ఊళ్ళో ఉన్నాయి. ఇంజినీరు నాయిటో తాచూ లెక్కలు కట్టిన ఇండస్ట్రియల్ బ్యాంకు భవనానికి దాదాపు ఏమీ కాలేదు. టోక్యో రైల్వే స్టేషనూ నిలిచింది. కానీ బ్యాంకు నిలబడితే వార్తేముంది? ప్రారంభోత్సవం రోజే అగ్నిపరీక్ష ఎదుర్కొన్న విడిది అంటే ఎవరైనా నోరు తెరుచుకుని వింటారు. ఆ బురద పునాది మాత్రం తన లెక్క తాను రాసుకుంటూనే ఉంది. ఏటా కొంచెం, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, ఓడ కిందికి దిగుతూ వచ్చింది.

అసలు ప్రశ్న ఇంకోటుంది. ఆ భవనంలో జపాన్ ఎంత? రైట్‌ని అడిగితే జపాన్ గౌరవార్థమే కట్టానంటాడు. చూసినవాళ్ళలో చాలామందికి మాత్రం మధ్య అమెరికా మాయా పిరమిడ్లు గుర్తొచ్చాయి. రైట్‌తో పాటే వచ్చిన సహాయకుడొకడు ఇంకా నిష్ఠూరంగా అన్నాడు. ఈ దేశపు వాతావరణంతో గానీ సంప్రదాయంతో గానీ ఆ డిజైనుకి సంబంధమే లేదని ఆత్మకథలో రాసుకున్నాడు. అతనే ఆంటోనిన్ రేమండ్. మన కథ ఇప్పుడు అతని వెంట మలుపు తిరుగుతుంది, మన తీరానికే వస్తుంది.

గోల్కొండ అనే విడిది

రేమండ్ పుట్టింది 1888లో, బొహీమియాలో. 1919 చివరి రోజున రైట్ వెంట జపాన్‌లో అడుగుపెట్టాడు. ఏడాది తిరగ్గానే, రైట్ గీసిన నగిషీలే మళ్ళీ మళ్ళీ గీయలేక, బయటికొచ్చి టోక్యోలోనే సొంత కార్యాలయం పెట్టాడు. భార్య నొయెమి అతనితో సమానంగా పనిచేసింది. రైట్ జపాన్‌ని అచ్చుబొమ్మల్లో చూశాడు. రేమండ్ వడ్రంగుల దగ్గర చూశాడు. రైతు ఇంట్లో గోడ అనేది బరువు మొయ్యదు, పక్కకి జరుగుతుంది. చూరు ఎండని ఆపి గాలిని వదులుతుంది. దూలం దూలంగానే కనపడుతుంది, దానికి ముసుగు ఉండదు. జపాన్ అంటే వంపు కప్పు కాదు, ఈ పద్ధతి అని అతనికి అర్థమైంది.

1930ల్లో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో సాధకుల కోసం పెద్ద వసతిగృహం అవసరపడింది. ఆశ్రమంలో ‘మదర్’గా పిలిచే మిర్రా అల్ఫాసా 1916 నుంచి 1920 దాకా జపాన్‌లో ఉన్న మనిషి. పవిత్ర అనే పేరు తీసుకున్న ఫ్రెంచి సాధకుడు ఫిలిప్ సెంటిలైర్ కూడా టోక్యోలో ఉండివచ్చినవాడే, రేమండ్ స్నేహితుడు. పిలుపు అలా వెళ్ళింది. డబ్బు మాత్రం హైదరాబాద్ నుంచి వచ్చింది. నిజాం కొలువులో ఆర్థికమంత్రిగా, తర్వాత ప్రధానిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ అరవిందుల భక్తుడు. ఆయన చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. ఆ కృతజ్ఞతతో భవనానికి గోల్కొండ పేరు పెట్టారు. ఫ్రెంచి పలుకుబడిలో ‘గోల్కొండ్’. వజ్రాల కోట పేరు పెట్టుకున్న ఆ ఇంట్లో వజ్రమంత మెరుపు కూడా కనపడదు.

రేమండ్ కార్యాలయం నుంచి ముందుగా వచ్చినవాడు జార్జ్ నకషిమా, అమెరికాలో పుట్టిన జపాన్ సంతతివాడు. వచ్చినవాడు ఆశ్రమంలోనే కలిసిపోయాడు. సుందరానంద అనే పేరు తీసుకుని, జీతం వద్దన్నాడు. తర్వాతి కాలంలో అమెరికాలో చెక్క సామాను చేసి ప్రపంచ ప్రసిద్ధుడైన నకషిమా ఇతనే. ఇంకొకడు చెకొస్లొవేకియావాడు ఫ్రాంటిషెక్ సామర్, అంతకుముందు పారిస్‌లో లె కొర్బూజియే దగ్గర పనిచేసినవాడు. 1938లో రేమండ్ దంపతులు కూడా వచ్చి కొన్ని నెలలు అక్కడే ఉన్నారు. కూలీలతో పాటు సాధకులూ ఇసక జల్లించారు, కంకర కడిగారు. మన దేశంలో అంత నాజూకుగా కాంక్రీటు పోసిన తొలి కట్టడాల్లో ఇదొకటి.

ఒక గది ముందు నిలబడి చూద్దాం. ఉత్తరం వైపు, దక్షిణం వైపు గోడల్లేవు, కిటికీల్లేవు, గాజు అసలు లేదు. నేల దగ్గర నుంచి పైకప్పు దాకా అడ్డంగా పేర్చిన సిమెంటు రేకు రెక్కలు. ఇత్తడి పిడి తిప్పితే వరుస వరుసగా తెరుచుకుంటాయి. వాన వస్తే సగం వాల్చుకోవచ్చు, ఎండ దిగితే పూర్తిగా విప్పుకోవచ్చు. ఆ ఇత్తడి కూడా బజారు ఇత్తడి కాదు. భక్తులిచ్చిన పాత పాత్రలు కరిగించి ఆశ్రమం వర్క్‌షాపులోనే పిడులూ మడతబందులూ పోతపోశారు. గదికీ వరండాకీ మధ్య టేకు తలుపు, పక్కకి జరిగేది. దాని చెక్కబద్దీలు ఒకదాని వెనక ఒకటి తప్పించి అమర్చారు: గాలి దూరుతుంది, చూపు దూరదు. పైన రెండు పొరల కప్పు, పై పొర వంపు పెంకులు, మధ్యలో గాలి. కింద నేల నున్నటి నల్ల కడప బండ.

మా అమ్మమ్మగారింట్లో వంటగట్టు అదే రాయి. వేసవి మధ్యాహ్నం దాని మీద చెంప ఆనించి పడుకుంటే తిట్లు తినేవాళ్ళం. ఆ చల్లదనం కోసం తిట్లు లెక్కచేసేవాళ్ళం కాదు. టోక్యోలో నేర్చిన వాడు, పారిస్‌లో నేర్చిన వాడు, హైదరాబాద్ రూపాయి, కడప రాయి, అన్నీ కలిసి చేసిన పని అంతా ఆ చల్లదనం కోసమే. అందులో వంపు కప్పు లేదు, కాగితపు లాంతరు లేదు, చెర్రీ కొమ్మ లేదు. అయినా జరిగే గోడా, ఊపిరి తీసే కప్పూ జపాన్ వడ్రంగి దగ్గర నేర్చుకున్నవే. యుద్ధం మధ్యలో పనులు నత్తనడక నడిచి, 1940ల తొలి సగంలో గోల్కొండ పూర్తయింది.

గోల్కొండ పని మొదలైన 1930ల్లో జపాన్‌లో ఏం జరుగుతోందో చూస్తే తేడా తెలుస్తుంది. 1930లో పర్యాటకానికి ప్రభుత్వం ప్రత్యేక శాఖ పెట్టి, విదేశీయుల కోసం హోటళ్ళు కట్టడానికి తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. 1934లో సముద్రపొడ్డున గామగోరి హోటల్ లేచింది: కాంక్రీటు ఒంటి మీద కోట కప్పు. బివా సరస్సు పక్కన ఇంకోటి, అదే పోలిక. దేశాభిమానం ముదిరే కొద్దీ కప్పులు పెద్దవయ్యాయి. ఫుజియా కిటుకునే ప్రభుత్వం పెద్దయెత్తున చేసింది, అంతే.

మూతి జపాన్‌ది, ఒళ్ళు పడమటిది

ఇక ఒకురా ఇంటికి వద్దాం. కిహాచిరో కొడుకు కిషిచిరో కేంబ్రిడ్జ్‌లో చదివాడు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ కారు పందెంలో రెండో స్థానంలో నిలిచాడు. సంగీతం పిచ్చి ఇంకా ఎక్కువ. జపాన్ వెదురు పిల్లనగ్రోవి షకుహాచి మూతిని, పాశ్చాత్య లోహపు ఫ్లూట్ మీటల ఒంటికి అతికించి కొత్త వాద్యం చేయించి, దానికి ‘ఒక్రాలో’ అని తన ఇంటిపేరు కలిసొచ్చేలా పేరు పెట్టాడు. వాద్యం నిలవలేదు. కానీ ఆయన జీవితమంతా అదే రాగం.

తండ్రి తర్వాత ఇంపీరియల్ పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. యుద్ధం ముగిశాక అమెరికా ఆక్రమణ ప్రభుత్వం పెద్ద వ్యాపార కుటుంబాలను విడగొట్టినప్పుడు అవి చేజారాయి. హోటల్‌ని అమెరికన్ సైన్యం 1952 దాకా వాడుకుంది. పోయిన హోటల్ తిరిగి రాదని తేలాక, ముసలితనంలో కిషిచిరో తొరానొమొన్‌లోని తన కుటుంబ స్థలంలోనే, తండ్రి పెట్టిన మ్యూజియం పక్కన, కొత్తది కట్టాలని పూనుకున్నాడు. పడమటి హోటల్‌కి నకలు కట్టనన్నాడు. అలాగని కోట కప్పూ పెట్టనన్నాడు. 1962 మేలో హోటల్ ఒకురా తెరుచుకుంది. మరుసటి ఏడు ఆయన పోయాడు.

ఆ హోటల్‌కి ప్రాణం లాబీ. గీసినవాడు తానిగుచి యోషిరో, కుమ్మరుల కుటుంబంలో పుట్టిన వాస్తుశిల్పి. లోపలికి అడుగుపెడితే కళ్ళకి కొట్టే వస్తువు ఒక్కటీ ఉండదు. వెలుతురు కాగితపు తెరల్లోంచి వడగట్టుకుని వస్తుంది. చెక్క జాలీల మీద జనపాకు నమూనా. కింద గుండ్రటి నల్లని బల్ల, చుట్టూ ఐదు కుర్చీలు: మెట్ల పైనుంచి చూస్తేగాని అది రేగుజాతి ‘ఉమె’ పువ్వని తెలియదు, నడిమి బల్ల బొడ్డు, కుర్చీలు రేకులు. మనుషులు వచ్చి కూర్చుంటే పువ్వు పూర్తవుతుంది. పైన వేలాడే దీపాలు ప్రాచీన సమాధుల్లో దొరికిన రాతిపూసల ఆకారం, పలకలు పలకలుగా చెక్కినవి, దండగా గుచ్చినట్టు ఒకదాని కింద ఒకటి. ఏ అలంకారమూ తానెవరో అరిచి చెప్పదు. తెలిసినవాడికి పూస కనిపిస్తుంది, తెలియనివాడికి దీపం కనిపిస్తుంది. ఇంతకాలం అతిథికి చూపించడానికి కట్టినవాళ్ళు, మొదటిసారి తమకి నచ్చింది కట్టి అతిథిని లోపలికి రమ్మన్నారు.

రెండేళ్ళకి, 1964 ఒలింపిక్స్ ముంగిట, న్యూ ఒతాని హోటల్ 17 అంతస్తులూ వెయ్యికి పైగా గదులతో వచ్చింది. పని పూర్తి చెయ్యడానికి 17 నెలలే గడువు. గదికో స్నానాలగది, టైలు మీద టైలు పెట్టి కడుతూ కూర్చుంటే ఒలింపిక్స్ అయిపోతాయి. అందుకని తొయొ తొకి (ఇప్పటి టోటో) కంపెనీ తొట్టి, బేసిన్, గోడలు కలిపి ఫ్యాక్టరీలోనే స్నానాలగది చేసి పంపింది. క్రేన్‌తో ఎత్తి బిగించారు. ఇవాళ జపాన్‌లో ఏ చిన్న హోటల్లో దిగినా కనిపించే ఆ ఒక్క ముక్క ప్లాస్టిక్ స్నానాలగదికి తాత అది. చరిత్ర పుస్తకాల్లో లాబీలకి పేజీలు దక్కుతాయి, జనం జీవితంలోకి వచ్చింది మాత్రం ఈ తొట్టి.

కూల్చివేతలు

రైట్ హోటల్ 1967 నవంబరులో మూతపడింది. అప్పటికి బురదలో దిగిపోయి వరండాలు ఎగుడుదిగుడయ్యాయి, మెత్తని ఓయా రాయి వానలకీ పొగకీ పొరలు పొరలుగా రాలుతోంది. టోక్యోలో అంత ఖరీదైన జాగాలో మూడంతస్తుల హోటల్ గిట్టదన్న లెక్క వీటన్నిటి కంటే గట్టిది. ప్రపంచం నలుమూలల నుంచి వద్దన్నారు. కూల్చాలని నిర్ణయించిన కంపెనీ అధ్యక్షుడు ఎవరో తెలుసా? 1923లో బకెట్లతో దాన్ని కాపాడిన అదే ఇనుమారు తెత్సుజో. కూల్చిన చోట 1970లో 17 అంతస్తుల భవనం వచ్చింది. ముందు భాగాన్ని మాత్రం విప్పి ఇనుయామాలోని మెయిజి మురా ప్రదర్శనశాలకి తరలించారు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు మునిగిపోయే విజయపురి కట్టడాలని కొండ మీదికి చేర్చినట్టు. బయటి రూపు 1976కి, లోపలిది 1985కి తిరిగి నిలిచాయి. పాడైపోయిన రాళ్ళ స్థానంలో కాంక్రీటు పోతలు చేరాయి. ఇప్పుడది హోటల్ కాదు, హోటల్ వాకిలి. గుమ్మం దాటితే పడుకోవడానికి గది లేదు.

ఒకురాకీ అదే గతి పట్టింది. 2015 ఆగస్టు 31న ప్రధాన భవనం మూసేశారు. ఈసారి కొత్త లాబీ బాధ్యత తానిగుచి యోషియోకి అప్పగించారు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం విస్తరణతో పేరు పొందిన ఆ యోషియో ఎవరో కాదు, పాత లాబీ గీసిన యోషిరో కొడుకు. తనదంటూ శైలి ఉన్న వాస్తుశిల్పి, ఎనభై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, తండ్రి చేతిరాతని దిద్దుకున్నాడు. పూసల దీపాలు, పువ్వు బల్లలు, కాగితపు తెరలు తిరిగి వాటి చోట్లకి వచ్చాయి. 2019 సెప్టెంబరు 12న ‘ది ఒకురా టోక్యో’ తెరుచుకున్నప్పుడు ఆ లాబీ నెత్తిన ఆకాశహర్మ్యం ఉంది. పాత వాడుకరులు కొందరు అదే అన్నారు, కొందరు అది కాదన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఈ మూడు విడుదుల్లో అన్నిటికంటే గట్టిగా జపాన్ పేరు చెప్పుకున్నది కూలింది. నెమ్మదిగా చెప్పినది కూలి, కొడుకు చేతిలో మళ్ళీ పుట్టింది. పేరే ఎత్తనిది, గోల్కొండ, మన కోరమాండల్ తీరం ఉప్పుగాలిలో ఇప్పటికీ నిలబడి ఉంది. అది హోటల్ కాదు కనుక గది దొరకదు, ఆశ్రమం అతిథులకే. అయినా వీధిలోంచి చూస్తే చాలు. పొద్దెక్కుతుంటే ఒక గదిలో ఎవరో ఇత్తడి పిడి తిప్పుతారు. సిమెంటు రెక్కల వరుస మెల్లగా విచ్చుకుంటుంది. ఆ పక్క గదిది ఇంకా మూసే ఉంటుంది, లోపల ఎవరో నిద్రలో.

(వచ్చే వారం: 1979, ఒసాకా. ఆఖరి రైలు తప్పిపోయిన ఉద్యోగి కోసం కురొకవా కిషో గీసిన పెట్టె గది, తొలి క్యాప్సూల్ హోటల్ కథ.)